గాల్లో ఉన్నదాన్ని కొలవడం ఎలా: ఆటల్లో ఎత్తు, చుట్లు, కదలికల లెక్క

ఎగిరిన మనిషి కాళ్ల కింద టేపు పెట్టలేం. తిరిగే బంతి మీద కోణమానిని ఆనించలేం. అందుకే ఆటల్లో మనం కొలిచామనుకునే సంఖ్యల్లో చాలావరకు నేరుగా కొలిచినవి కావు. మనం కొలిచేది సమయాన్ని, అక్కడక్కడా ఒక కోణాన్ని. మిగతా పని లెక్క చేస్తుంది. ఇది మనసులో పెట్టుకుంటే ఏ పరికరం కావాలి, ఎక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, ఏ సంఖ్యను నమ్మాలి అనే ప్రశ్నలు సగం తేలిపోతాయి.

పిల్లలకు ఆటలు నేర్పేవాళ్లు, తమ ఆటను తామే గమనించుకునేవాళ్లు, త్రికోణమితి ఎందుకు పనికొస్తుందో చూడాలనుకునే విద్యార్థులు ఈ పద్ధతులన్నీ వాడుకోవచ్చు. స్లో మోషన్ తీసే ఫోను, టేపు, కోణమానిని, దారం, చిన్న బరువు, కాలిక్యులేటర్ ఉంటే చాలు. లెక్కలు పదో తరగతి స్థాయి దాటవు.

మొదటి మెట్టు: కొలిచేదాన్ని ఒక వాక్యంలో రాయండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. తర్వాత వచ్చే గందరగోళంలో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది.

హైజంప్ తీసుకోండి. 1993లో హవియర్ సోటోమేయర్ దాటిన 2.45 మీటర్లు నేల నుంచి కర్ర పైఅంచు దాకా ఉన్న ఎత్తు. అతని తల చేరిన ఎత్తు వేరు, గరిమనాభి, అంటే శరీరం బరువంతా కేంద్రీకరించినట్టు లెక్కకు తీసుకునే బిందువు, చేరిన ఎత్తు వేరు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ వీపు కర్ర వైపు తిప్పి 2.24 మీటర్లు దాటి స్వర్ణం గెలిచాడు. ఆ పద్ధతిలో తల, నడుము, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కర్రను దాటుతాయి. ఒళ్లు విల్లులా వంగి ఉండటం వల్ల గరిమనాభి కర్రకు దగ్గరగా, ఒక్కోసారి కర్ర కిందుగా కూడా వెళ్లగలదు. ఒకే గెంతులో మూడు ఎత్తులున్నాయి, మూడూ నిజమే.

కాబట్టి ముందు కాగితం మీద రాయండి: ఎక్కడి నుంచి కొలుస్తున్నాను, శరీరంలో ఏ బిందువును చూస్తున్నాను, ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా? తిరుగుడైతే ఇంకొకటి కలపండి: ఏ అక్షం చుట్టూ, ఏ దిశను ధనాత్మకం అనుకుంటున్నాను? “రెండు పాదాలూ నేల వదిలిన క్షణం నుంచి గరిమనాభి ఎంత పైకి లేచింది” అన్నది కొలవదగిన వాక్యం. “ఎంత ఎగిరాడు” అన్నది కాదు.

నిలబడిన మనిషి ఎత్తు కొలవడం తేలికే, ఇక్కడే చెప్పేస్తాను. చెప్పులు లేకుండా మడమలు గోడకు ఆనించి, చూపు నేలకు సమాంతరంగా ఉంచి, మూలమట్టాన్ని ఒక అంచు గోడకు, ఇంకో అంచు నడినెత్తికి తగిలేలా పెట్టి గుర్తు గీయండి. ప్రతిసారీ ఒకే వేళకు కొలవండి. రోజంతా నిలబడి, కూర్చుని ఉండటం వల్ల వెన్నుపూసల మధ్య డిస్కులు నొక్కుకుని సాయంత్రానికి ఎత్తు సుమారు సెంటీమీటరు తగ్గుతుంది. ఎదిగే పిల్లల్ని ఒక నెల పొద్దున్న, మరో నెల సాయంత్రం కొలిస్తే ఆ పెరుగుదల లెక్క దేనికీ పనికిరాదు.

రెండో మెట్టు: ఫోనును కొలిచే పరికరంగా మార్చండి

మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములుంటాయి. ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. స్లో మోషన్‌లో 120 లేదా 240 ఫ్రేములు దొరుకుతాయి. 240 అయితే ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లే. మనం కొలిచేది సమయాన్నే అన్నాను కదా, ఈ ఎంపికతోనే ఫలితం నాణ్యత చాలావరకు ఖాయమైపోతుంది.

ఫోనును చేత్తో పట్టుకోవద్దు. ట్రైపాడ్ మీద గానీ, కదలని గట్టు మీద గానీ పెట్టండి. కెమెరా ఎత్తు, కదలిక జరిగే ప్రాంతానికి మధ్యలో ఉండాలి. కదలిక జరిగే తలానికి కెమెరా చూపు లంబంగా ఉండాలి. పక్క నుంచి వంకరగా తీస్తే పొడవులు కుదించుకుపోతాయి, కోణాలు మారిపోతాయి. వెలుతురు బాగా ఉండాలి, లేకపోతే కాలి అంచు మసకబారి ఏ ఫ్రేములో నేల వదిలిందో తెలియదు.

వీడియోలోంచి పొడవులు కూడా తీయాలంటే, తెలిసిన పొడవున్న కర్ర ఒకటి ఫ్రేములో ఉండాలి. ఆ కర్ర ఆటగాడి తలంలోనే ఉండాలి. ఆటగాడు కెమెరాకు 5 మీటర్ల దూరంలో ఉండి, కర్ర 4.5 మీటర్ల దగ్గర ఉంటే కర్ర పెద్దగా కనిపిస్తుంది, ఆటగాడి ప్రతి పొడవూ నూటికి 10 వంతులు తక్కువగా తేలుతుంది. అరమీటరు తేడాకే ఇంత నష్టం. కెమెరాను దూరంగా జరిపితే ఈ దోషం తగ్గుతుంది. 10 మీటర్ల దూరంలో ఉంటే అదే అరమీటరు తేడా నూటికి 5 వంతులే చెడగొడుతుంది.

ఇప్పుడు ఫోనును పరీక్షించాలి. ఇది తప్పకుండా చేయమని గట్టిగా చెబుతాను. బరువైన బంతిని, దాని అడుగు నేలకు సరిగ్గా 1 మీటరు ఎత్తులో ఉండేలా పట్టుకుని, 240 ఫ్రేముల వేగంతో వీడియో తీస్తూ వదిలేయండి. అది 0.45 సెకన్లలో నేల తాకాలి, అంటే 108 ఫ్రేములు. 120 ఫ్రేముల వేగమైతే 54. వదిలిన క్షణం గుర్తించడంలో ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అయితే పర్వాలేదు. పదేసి ఫ్రేముల తేడా వస్తుంటే ఫోను చెప్పిన వేగంతో నిజంగా తీయడం లేదని అర్థం. కొన్ని ఫోన్లు వెలుతురు తగ్గితే ఫ్రేముల వేగాన్ని తామే మార్చేస్తాయి. ఇంకో సంగతి, స్లో మోషన్ ఫైలు తెర మీద చూపించే సెకన్లు సాగదీసినవి. అందుకే సెకన్లు చదవకండి, ఫ్రేములు లెక్కపెట్టండి.

మూడో మెట్టు: గెంతు ఎత్తు, గాల్లో ఉన్న సమయం నుంచి

నిటారుగా పైకి ఎగిరిన మనిషి గాల్లో గడిపిన సమయంలో సగం పైకి వెళ్లడానికి, సగం కిందికి రావడానికి పడుతుంది. పైనుంచి కిందికి పడే వస్తువు దాటే దూరం గురుత్వ త్వరణంలో సగాన్ని సమయం వర్గంతో గుణిస్తే వస్తుంది. ఇక్కడ పడే సమయం మొత్తంలో సగమే కాబట్టి దాని వర్గం నాలుగో వంతు అవుతుంది. రెండూ కలిపితే:

ఎత్తు = 9.81 × సమయం × సమయం ÷ 8

సమయం సెకన్లలో పెడితే ఎత్తు మీటర్లలో వస్తుంది. బరువు ఈ సూత్రంలో ఎక్కడా లేదని గమనించండి. సన్నవాళ్లకీ లావువాళ్లకీ ఒకటే లెక్క.

చేయాల్సింది ఇది. వీడియోను ఒక్కో ఫ్రేము చొప్పున జరుపుతూ, కాలి వేళ్లు నేలను పూర్తిగా వదిలిన మొదటి ఫ్రేము నంబరు రాసుకోండి. తిరిగి వేళ్లు నేలను తాకిన మొదటి ఫ్రేము నంబరు రాసుకోండి. ఉదాహరణకు 312, 446. తేడా 134 ఫ్రేములు. 240తో భాగిస్తే 0.558 సెకన్లు. వర్గం 0.312, దాన్ని 9.81తో గుణించి 8తో భాగిస్తే 0.382 మీటర్లు. అంటే 38 సెంటీమీటర్లు.

ఇందులో దోషమెంత? ఒక ఫ్రేము అటూ ఇటూ అయితే ఎత్తు సుమారు 0.6 సెంటీమీటర్లు మారుతుంది. అదే గెంతును 30 ఫ్రేముల వీడియోలో కొలిస్తే ఒక్క ఫ్రేముకే నాలుగున్నర సెంటీమీటర్లు పోతాయి. నెల రోజుల సాధనతో వచ్చే మెరుగు చాలాసార్లు అంతకంటే చిన్నది. మామూలు వీడియోతో మెరుగుదల చూడాలనుకోవడం దండగ. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83 ఉంటుంది కానీ, ఆ తేడా ఈ గెంతులో రెండు మిల్లీమీటర్లు కూడా దాటదు. దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

అసలు ప్రమాదం దిగే తీరులో ఉంది. ఈ సూత్రం నేల వదిలినప్పుడూ, తాకినప్పుడూ ఒళ్లు ఒకే భంగిమలో ఉందని నమ్ముతుంది. దిగేటప్పుడు మోకాళ్లు ముడిస్తే పాదాలు ఆలస్యంగా నేల తాకుతాయి, గాల్లో సమయం పెరుగుతుంది, ఎగరని ఎత్తు కాగితం మీదికి వస్తుంది. పిల్లలు దీన్ని ఇట్టే కనిపెట్టేస్తారు. అందుకే నియమం పెట్టండి: మోకాళ్లు చాచి, వేళ్ల మీద దిగాలి, ఆ తర్వాతే వంగాలి. వంచి దిగిన గెంతును లెక్కలోంచి తీసేయండి.

గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టే పాత పద్ధతి కూడా మంచిదే. నిలబడి చెయ్యి చాచి ఒక గుర్తు, ఎగిరి ఇంకో గుర్తు, రెంటి మధ్య తేడా. 1921లో డడ్లీ సార్జెంట్ ప్రచారంలోకి తెచ్చిన పరీక్ష ఇది. ఇందులో వచ్చే సంఖ్య వీడియో సంఖ్య కంటే పెద్దగా ఉంటుంది. కారణం, గోడ పరీక్ష మడమలు నేలకు ఆనిన స్థితి నుంచి మొదలవుతుంది. నేల వదిలే క్షణానికి మనిషి మునివేళ్ల మీదికి లేచిపోయి ఉంటాడు కాబట్టి, వీడియో లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. రెండు పద్ధతుల సంఖ్యల్ని ఒకే పట్టికలో కలపకండి.

నాలుగో మెట్టు: టేపు అందని ఎత్తు, కోణం నుంచి

స్తంభం, చెట్టు, గోల్ పోస్టు వెనక వల, ఏదైనా సరే. కోణమానిని మధ్య బిందువు దగ్గర దారం కట్టి చివర బరువు వేలాడదీయండి. దాని సరళ అంచు వెంట ఒక కన్ను మూసి పైకొనను చూడండి. దారం 90 గీత నుంచి ఎంత జరిగిందో అదే ఊర్ధ్వ కోణం. అడుగు దాకా దూరాన్ని టేపుతో కొలవండి.

ఎత్తు = కంటి ఎత్తు + దూరం × కోణం టాన్జెంట్

20 మీటర్ల దూరం, 32 డిగ్రీల కోణం, 1.5 మీటర్ల కంటి ఎత్తు అనుకుంటే: 20 × 0.625 + 1.5 = 14 మీటర్లు. కోణం ఒక్క డిగ్రీ తప్పుగా చదివితే ఎత్తు దాదాపు అరమీటరు తప్పుతుంది. ఎక్కడ నిలబడితే ఈ తప్పు అతి తక్కువగా ఉంటుంది? కోణం 45 డిగ్రీలయ్యే చోట. మరీ దగ్గరైనా, మరీ దూరమైనా డిగ్రీ దోషం ఎత్తును ఎక్కువగా మారుస్తుంది. పైగా 45 దగ్గర టాన్జెంట్ విలువ 1 కాబట్టి, ఎత్తు అంటే దూరానికి కంటి ఎత్తు కలిపితే వచ్చేదే. కాలిక్యులేటరూ అక్కర్లేదు.

అడుగు దాకా వెళ్లలేకపోతే, ఒకే సరళరేఖ మీద రెండు చోట్ల నిలబడి రెండు కోణాలు తీసుకోండి. దూరం నుంచి 25, ఇంకో 10 మీటర్లు ముందుకొచ్చి 35 అనుకుందాం. రెండు కోణాల కోటాంజెంట్లు 2.145, 1.428. తేడా 0.717. పది మీటర్లను దీంతో భాగిస్తే 13.95 మీటర్లు, దానికి కంటి ఎత్తు కలపాలి. ఈ పద్ధతిలో డిగ్రీ దోషం మరింత పెరుగుతుంది కాబట్టి రెండు చోట్ల మధ్య దూరం వీలైనంత ఎక్కువ పెట్టుకోండి.

పైకి విసిరిన బంతి ఎత్తుకు మళ్లీ సమయమే. విసిరిన ఎత్తులోనే పట్టుకుంటే గెంతు సూత్రమే పనిచేస్తుంది: 3 సెకన్లు గాల్లో ఉంటే చేతికి 11 మీటర్ల పైకి వెళ్లినట్టు. తేలికైన బంతి విషయంలో గాలి అడ్డు వల్ల ఈ లెక్క పక్కదారి పడుతుంది. షటిల్ కాక్‌కు అసలు వాడొద్దు.

ఐదో మెట్టు: తిరుగుడు

నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఎత్తుకు ఒక సంఖ్య చాలు. తిరుగుడుకు అక్షం, దిశ, మొత్తం కోణం, వేగం నాలుగూ చెప్పాలి.

ముందు ప్రమాణాలు. ఒక చుట్టు 360 డిగ్రీలు, 6.283 రేడియన్లు. ఒక రేడియన్ సుమారు 57.3 డిగ్రీలు. చుట్లు చెప్పుకోవడానికి, డిగ్రీలు గీయడానికి, రేడియన్లు లెక్కకు. రేడియన్లు ఎందుకు కావాలంటే, సెకనుకు ఎన్ని రేడియన్లో తెలిస్తే దాన్ని వ్యాసార్థంతో గుణిస్తే చాలు, కొన వేగం వచ్చేస్తుంది. బ్యాటు కొన తిరిగే అక్షానికి 1 మీటరు దూరంలో ఉండి సెకనుకు 600 డిగ్రీలు తిరుగుతుంటే, అది 10.5 రేడియన్లు, కొన వేగం సెకనుకు 10.5 మీటర్లు.

మనిషి తిరుగుడును కొలవడానికి శరీరంలో ఒక గీతను ఎంచుకోండి. పల్టీకి భుజం నుంచి నడుము దాకా మొండెం గీత, నిలువు అక్షం చుట్టూ తిరుగుడుకు రెండు భుజాలను కలిపే గీత. చేతుల్ని ఎంచుకోవద్దు, అవి వాటి దారిన అవి తిరుగుతాయి. ఒక్కో ఫ్రేములో ఆ గీత కోణం రాసుకుంటూ వెళ్లండి. 350 తర్వాత 10 వస్తే వెనక్కి 340 తిరిగినట్టు కాదు, 20 ముందుకే. అలాంటి చోటల్లా 360 కలుపుకుంటూ పోతే మొత్తం కోణం దొరుకుతుంది. ఈ చిన్న పని మరిచిపోతే గ్రాఫు రంపపు పళ్లలా తయారవుతుంది.

ఇక్కడ కెమెరా చేసే ఒక మోసం తెలుసుకోవాలి. రెండు ఫ్రేముల మధ్య వస్తువు అర చుట్టు కంటే ఎక్కువ తిరిగితే, అది ఎటు తిరిగిందో, ఎన్ని చుట్లు తిరిగిందో వీడియోలో తెలియదు. నిమిషానికి 2000 చుట్లు తిరిగే స్పిన్ బంతిని తీసుకోండి. సెకనుకు 33.3 చుట్లు. 30 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు 1.11 చుట్టు తిరుగుతుంది. కంటికి 0.11 చుట్టు, అంటే 40 డిగ్రీలే కనిపిస్తుంది. ఆ వీడియో చూసి బంతి నిమిషానికి 200 చుట్లు తిరుగుతోందని లెక్క కడితే పదో వంతు జవాబు వస్తుంది, అదీ ఎంతో నమ్మకంగా. అదే 240 ఫ్రేముల్లో ఫ్రేముకు 50 డిగ్రీలు, ఏ అనుమానమూ లేదు. కాబట్టి నియమం: ఊహించిన వేగానికి చుట్టుకు కనీసం నాలుగైదు ఫ్రేములైనా పడాలి. బంతి మీద నల్ల మార్కర్‌తో ఒక గీత గీస్తే చదవడం తేలికవుతుంది. ఆ గీత తిరుగుడు అక్షం మీదే పడితే కదిలినట్టే కనిపించదు కాబట్టి, రెండు గీతలు అడ్డంగా గీయడం మేలు.

ఇప్పుడు అసలు చిక్కు: చుట్టు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది? ఫిగర్ స్కేటింగ్‌లో తీర్పులన్నీ దీని చుట్టూనే ఉంటాయి. ఆక్సెల్ గెంతులో ముందుకు చూస్తూ ఎగిరి వెనక్కి చూస్తూ దిగుతారు కాబట్టి అందులో ఎప్పుడూ ఒక అర చుట్టు అదనం. 2022 సెప్టెంబరులో ఇలియా మాలినిన్ పోటీలో మొదటిసారి పూర్తిచేసిన క్వాడ్ ఆక్సెల్ నాలుగున్నర చుట్లు. దిగేటప్పుడు పావు చుట్టు కంటే ఎక్కువ తగ్గితే అండర్ రొటేటెడ్ అంటారు, అర చుట్టు లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే కింది స్థాయి గెంతుగానే లెక్కిస్తారు. అంటే ఇక్కడ 90 డిగ్రీల కచ్చితత్వంతో పతకాలు మారిపోతాయి. మీరు కొలిచేటప్పుడు కూడా నేల వదిలిన ఫ్రేములో గీత కోణం, నేల తాకిన ఫ్రేములో గీత కోణం రెండూ విడిగా రాయండి. కాలు నేల మీద ఉండగానే ఒళ్లు కొంత తిరిగిపోతుంది. ఆ భాగాన్ని గాల్లో తిరుగుడుతో కలపకూడదు.

డైవింగ్‌లో వాడే సంకేతాలు గణితం వచ్చినవాళ్లకు ముచ్చటగా ఉంటాయి. అక్కడ లెక్క అర చుట్లలో జరుగుతుంది. 107 అంటే ముందుకు, 7 అర పల్టీలు, అంటే మూడున్నర. 5253లో మొదటి 5 మెలి ఉన్న డైవ్ అని, 2 వెనక్కి అని, తర్వాతి 5 రెండున్నర పల్టీలని, చివరి 3 ఒకటిన్నర మెలికలని చెబుతాయి. పల్టీ శరీరానికి అడ్డంగా పోయే అక్షం చుట్టూ, మెలి తల నుంచి కాళ్ల దాకా పోయే అక్షం చుట్టూ. రెండు అక్షాల తిరుగుడును వేరువేరుగా చెప్పడమే సరైన పద్ధతి, రెండూ కూడి ఒక సంఖ్య చేయడం కాదు. 10 మీటర్ల వేదిక నుంచి ఊరికే కింద పడినా నీటికి చేరడానికి 1.43 సెకన్లే పడుతుంది, అప్పటికి వేగం గంటకు 50 కిలోమీటర్లు. మూడున్నర పల్టీలు 1.4 సెకన్లలో తిరగాలంటే సగటున సెకనుకు 900 డిగ్రీలు.

సగటు అని ఊరికే అనలేదు. గాల్లో తిరుగుడు వేగం ఒకేలా ఉండదు. నేల వదిలాక బయటి నుంచి మెలితిప్పే బలం దాదాపు లేదు కాబట్టి కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరుగుడు వేగాన్ని ఆ తిరుగుడుకు ఒళ్లు చూపే ప్రతిఘటనతో గుణిస్తే వచ్చేది, మారదు. చేతులు, కాళ్లు ఒంటికి దగ్గరగా లాక్కుంటే ఆ ప్రతిఘటన, అంటే జడత్వ భ్రామకం, తగ్గుతుంది, తిరుగుడు వేగం పెరుగుతుంది. మొదటిది సగమైతే రెండోది రెట్టింపు. అందుకే మీ కోణాల గ్రాఫు మధ్యలో నిటారుగా, రెండు చివర్లా వాలుగా ఉంటుంది. ఎక్కడ నిటారుగా మారిందో చూస్తే ఆటగాడు ఎంత త్వరగా ముడుచుకున్నాడో తెలుస్తుంది. శిక్షకుడికి మొత్తం చుట్ల కంటే ఇదే ఎక్కువ ఉపయోగం.

ఒక్క కెమెరా చూపే కోణం, తిరుగుడు తలం కెమెరాకు ఎదురుగా ఉంటేనే నిజం. క్రికెట్‌లో బౌలర్ మోచెయ్యి 15 డిగ్రీల కంటే ఎక్కువ చాచకూడదన్న నియమాన్ని మైదానం పక్కనుంచి తీసిన వీడియోతో తేల్చకపోవడానికి కారణం ఇదే. భుజం తిరుగుతుంటే, మోచేతిలో మారకుండా ఉన్న వంపు కూడా చాచుకున్నట్టు కనిపించగలదు. అందుకే చుట్టూ చాలా కెమెరాలు పెట్టి, మూడు దిక్కుల్లో స్థానాలు తీసి లెక్కిస్తారు. స్నేహితుడి బౌలింగ్ మీద ఫోను వీడియో చూసి తీర్పు చెప్పేయకండి.

ఆరో మెట్టు: మూడు దిక్కుల్లో తిరుగుడు, వరుస మారితే జవాబు మారుతుంది

పుస్తకాన్ని అట్ట మీ వైపు ఉండేలా నిలబెట్టి పట్టుకోండి. పైఅంచు మీకు దూరంగా వాలేలా 90 డిగ్రీలు పడుకోబెట్టండి. తర్వాత నిలువు అక్షం చుట్టూ, పైనుంచి చూస్తే అపసవ్యదిశలో 90 డిగ్రీలు తిప్పండి. పుస్తకం బల్లపరుపుగా, అట్ట పైకి, పైఅంచు ఎడమకు ఉంటుంది. మళ్లీ మొదటికొచ్చి వరుస తిరగేయండి: ముందు నిలువు అక్షం, తర్వాత వాల్చడం. ఈసారి పుస్తకం పక్క అంచు మీద నిలబడి, అట్ట కుడివైపు చూస్తుంది. అవే రెండు తిరుగుళ్లు, ఫలితాలు వేరు. కూడికలో వరుస మారినా జవాబు మారదన్న అలవాటు ఇక్కడ చెల్లదు.

ఆచరణలో దీని అర్థం: మూడు కోణాలు రాస్తే, ఏ వరుసలో తిప్పారో కూడా రాయాలి. పైగా మధ్య కోణం 90కి చేరినప్పుడు మిగతా రెండు అక్షాలు ఒకదానిమీద ఒకటి పడి, వాటిని విడదీయలేని స్థితి వస్తుంది. పల్టీలు కొట్టే ఆటల్లో ఒళ్లు ఆ స్థితిని తరచూ దాటుతుంది. దీన్ని తప్పించుకునే దారి గణితవేత్త విలియం హామిల్టన్‌కు 1843 అక్టోబరు 16న డబ్లిన్‌లో వంతెన దగ్గర నడుస్తుండగా తట్టిన క్వాటర్నియన్లు. ఒక అక్షం, ఆ అక్షం చుట్టూ ఎంత కోణం అన్నదాన్ని నాలుగు సంఖ్యల్లో దాస్తాయి. ఎన్ని తిరుగుళ్లు కలిపినా చివరికి ఒకే అక్షం చుట్టూ ఒకే తిరుగుడుగా చెప్పవచ్చని గణితవేత్త ఆయిలర్ 18వ శతాబ్దంలోనే నిరూపించాడు. సెన్సార్ ఆప్‌లో కోణాలు, క్వాటర్నియన్లు రెండూ ఎంచుకోగలిగితే రెండోదాన్ని దాచుకోండి.

ఏడో మెట్టు: కదలిక

దూరం వేరు, స్థానభ్రంశం వేరు. 400 మీటర్ల ట్రాక్ ఒక చుట్టు పరిగెత్తితే దూరం 400, స్థానభ్రంశం సున్న. ఆ 400 ఎలా వచ్చిందో చూడటం మంచి అభ్యాసం. ప్రామాణిక ట్రాక్‌లో రెండు తిన్నని భాగాలు 84.39 మీటర్ల చొప్పున, వంపుల లోపలి గట్టు వ్యాసార్థం 36.50 మీటర్లు. పరిగెత్తేవాళ్లు గట్టు మీద పరిగెత్తరు కాబట్టి దానికి 30 సెంటీమీటర్ల బయట గీత ఉందనుకుని కొలుస్తారు. 2 × 84.39 = 168.78, వంపులకు 6.2832 × 36.80 = 231.22. మొత్తం సరిగ్గా 400.

రెండో లేన్‌లో గట్టుకు బదులు గీతే ఉంటుంది కాబట్టి 20 సెంటీమీటర్లే వదులుతారు. లేన్ వెడల్పు 1.22. కొలిచే వ్యాసార్థం 36.50 + 1.22 + 0.20 = 37.92, మొదటి లేన్ కంటే 1.12 ఎక్కువ. 6.2832తో గుణిస్తే 7.04 మీటర్లు. రెండో లేన్ వాళ్లు అంత ముందు నిలబడటానికి కారణం ఇదే. ఆ తర్వాత ప్రతి లేన్‌కు 7.67 మీటర్ల చొప్పున. ఇందులో అసలు అందం ఏమిటంటే, ట్రాక్ ఎంత పెద్దదైనా ఈ తేడా మారదు. అది లేన్ వెడల్పు మీద మాత్రమే ఆధారపడుతుంది.

వేగానికి వద్దాం. 2009 బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు. సగటు సెకనుకు 10.44 మీటర్లు. ఆ సంఖ్య ఒక్కటే చూస్తే పరుగు కథ తెలియదు. ప్రతి 20 మీటర్లకు గడియారం 2.89, 4.64, 6.31, 7.92, 9.58 చూపింది. ఒక్కోదాన్నుంచి ముందుదాన్ని తీసేసి 20ని భాగించండి: 6.92, 11.43, 11.98, 12.42, 12.05. అత్యధిక వేగం 60, 80 మీటర్ల మధ్య వచ్చింది, చివర్లో తగ్గింది. మీ పిల్లల పరుగుకూ ఇలాగే 20 మీటర్లకొక కర్ర పాతి, ప్రతి కర్ర దగ్గర ఒకరిని నిలబెట్టి లేదా మొత్తం వీడియో తీసి చేయవచ్చు. వీడియో పక్కకు జరగకుండా ఒకే చోట నుంచి తీస్తే దూరపు కర్రల్ని వంకరగా చూడాల్సి వస్తుంది. అప్పుడు కర్రను గీతకు నేరుగా పక్కన కాకుండా, కెమెరా నుంచి చూస్తే కర్ర, పరుగు దారి మీది 20 మీటర్ల గుర్తు ఒకే వరుసలో కనిపించే చోట లెక్కగట్టి పాతాలి.

చేతి గడియారంతో తీసిన సమయం సాధారణంగా తక్కువే వస్తుంది. మొదలుపెట్టేటప్పుడు చెయ్యి ఆలస్యమవుతుంది, ఆపేటప్పుడు ముందే ఊహించి నొక్కేస్తుంది. 100 మీటర్లలో చేతి సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చడానికి 0.24 సెకన్లు కలపడం ఆనవాయితీ.

ఫ్రేముల నుంచి వేగం తీసేవాళ్లు తప్పక చూడాల్సిన లెక్క ఒకటి. స్థానం గుర్తించడంలో 1 సెంటీమీటరు దోషం ఉందనుకోండి. పక్కపక్క ఫ్రేముల తేడాను 240తో గుణిస్తే వేగంలో దోషం సెకనుకు 3 మీటర్లు దాటిపోతుంది. 20 ఫ్రేముల ఎడంతో తీసుకుంటే అదే దోషం 0.17కి దిగుతుంది. ఫ్రేములు ఎక్కువైతే సమయం బాగా తెలుస్తుంది, కానీ పక్కపక్క ఫ్రేముల నుంచి వేగం తీస్తే గోలే మిగులుతుంది. ఎడం పెంచండి, లేదా అయిదారు బిందువుల గుండా నునుపైన వక్రం గీసి దాని వాలు చూడండి.

ఎనిమిదో మెట్టు: సెన్సార్లను ఎంతవరకు నమ్మాలి

ఫోనులోని త్వరణమాపకం కదలకుండా ఉన్నప్పుడు 9.81 చూపుతుంది, గాల్లో స్వేచ్ఛగా ఉన్నప్పుడు సున్నకు దగ్గరగా. నడుముకు గట్టిగా కట్టుకుని ఎగిరితే ఆ సున్న దగ్గర ఉన్న సమయమే గాల్లో ఉన్న సమయం, మూడో మెట్టు సూత్రంలో పెట్టేయవచ్చు. ఇది మంచి వాడకం. త్వరణాన్ని రెండుసార్లు సమాకలనం చేసి, అంటే క్షణక్షణం విలువల్ని కూడుకుంటూ పోయి, దూరం తీయాలనుకోవడం చెడ్డ వాడకం. 0.1 అంత చిన్న దోషం కూడా 10 సెకన్లలో 5 మీటర్లవుతుంది.

గైరోస్కోప్ తిరుగుడు వేగాన్ని చెబుతుంది. సెకనుకు ఒక డిగ్రీ దోషం ఉంటే నిమిషానికి 60 డిగ్రీలు తప్పుతుంది. ఒక గెంతుకు చాలు, ఆట మొత్తానికి చాలదు. ఫోన్లలో సాధారణంగా ఉండేవి సెకనుకు 2000 డిగ్రీల దాకానే కొలుస్తాయి. పైన చెప్పిన స్పిన్ బంతి సెకనుకు 12000 డిగ్రీలు తిరుగుతుంది.

వాయుపీడనంతో ఎత్తు చెప్పే గడియారాలు మెట్లు, కొండదారులకు బాగుంటాయి. సముద్రమట్టం దగ్గర పీడనంలో ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తేడా అంటే ఎత్తులో సుమారు 8.4 మీటర్లు. వాతావరణం మారి పీడనం అంత తగ్గితే, కదలకుండా కూర్చున్నా ఎత్తు పెరిగినట్టు చూపుతుంది. జీపీఎస్ ఎత్తులో, అడ్డం దూరం కంటే ఎక్కువ తడబడుతుంది, ఎందుకంటే ఉపగ్రహాలన్నీ మన పైనే ఉన్నాయి, కింద ఒక్కటీ లేదు. మారథాన్‌లో గడియారం 42.195 కంటే ఎక్కువ చూపితే దారి తప్పుగా కొలిచారనుకోవద్దు. దారిని అతి దగ్గరి గీత వెంట, చక్రం చుట్లు లెక్కపెట్టే పరికరం బిగించిన సైకిల్‌తో కొలిచి, తక్కువ కాకుండా వెయ్యికి ఒకటి చొప్పున, అంటే 42 మీటర్లు కలుపుతారు. పరిగెత్తేవాళ్లు మలుపుల్లో ఆ గీత మీద ఉండరు.

రాసిపెట్టేటప్పుడు

సంఖ్య పక్కన పద్ధతి, ఫ్రేముల వేగం, దోషం రాయండి. “38 సెం.మీ., గాల్లో సమయం పద్ధతి, 240 ఫ్రేములు, 0.6 అటూ ఇటూ” అని. 38.23 అని రాయడానికి ఈ పరికరానికి అర్హత లేదు.

ఒక్క గెంతు మీద ఆధారపడకండి. అయిదు గెంతులు 38.2, 37.1, 39.0, 38.4, 36.9 వచ్చాయనుకోండి. మధ్యగతం 38.2. గెంతుకూ గెంతుకూ తేడా రెండు సెంటీమీటర్ల దాకా ఉంది, ఇది కెమెరా దోషం కాదు, మనిషి సహజంగా మారడం. వచ్చే వారం ఒక గెంతు 38.9 వస్తే పిల్లవాడికి మెరుగుపడ్డావని చెప్పకండి, తగ్గితే బాధపెట్టకండి. మళ్లీ అయిదు తీసి, మధ్యగతం రెండు సెంటీమీటర్లు పైకి జరిగి, తర్వాతి వారం కూడా అక్కడే నిలబడితే అప్పుడు చెప్పండి.